ఓబులేసు జపాను రెక్కలు

ఓబులేసు జపాను పోయివచ్చిన మాట నిజం. మద్రాసు రేవు నుంచి ఇనప ఖనిజం మోసుకుపోయే ఓడలో, వంటగదిలో ఎర్రగడ్డలు తరిగే పనికి పోయాడు. ఆ ఎర్రగడ్డల సంగతి మాత్రం విడవలూరులో ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం బస్సు ఆగేచోట, వెంకటశేషమ్మ టీ కొట్టు ముందు పొయ్యి మీద బాణలి పెట్టుకొని కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద అల్లూరు జయరామయ్య, పక్కన బస్సు కోసం చూస్తున్న నలుగురైదుగురు. ఆయన నెల్లూరులో కోడీ మాంసం వడ్డించే మిలిటరీ హోటలు పెట్టబోతున్నాడు, మంచి వంటమాస్టరు కోసం వెతుకుతున్నాడు. ఓబులేసు మాట నమ్మి మద్రాసు నుంచి ఒక సీసా సోయా సాసు కూడా తెప్పించాడు. ఇప్పుడు చేతులు కట్టుకొని, ముఖంలో ఏమీ కనపడనీయకుండా చూస్తున్నాడు. ఈ పని దొరక్కపోతే ఓబులేసు మళ్ళీ ఓడెక్కాలి. ఓడ కదిలితే చాలు, అతనికి వాంతులు.

"నేను పెద్దగా చేసిందేం లేదయ్యా," అని వినయంగానే మొదలుపెట్టాడు, కోడిరెక్కల్ని నూనెలోకి జారుస్తూ. "జపాను రేవులో మా ఓడ ఆగింది. మా వంటమాస్టరుకు జొరం. రెక్కల్లో కండ లేదని సముద్రంలో పారేయబోతా ఉండారు. ఆగండ్రా అన్నా. మొదట సన్నసెగన వేయించినా. తీసి ఆరబెట్టినా. మళ్ళీ పెద్దమంట మీద వేయించినా, తోలు కరకరలాడేటట్టు. సోయా సాసులో చక్కెర, తెల్లగడ్డ వేసి పాకం కాచి, వేడివేడి రెక్కలకు పూసి, మిరియాలపొడి, నూగులు చల్లినా. అంతే."

నిజానికి అదంతా చేసింది రేవు పక్క అంగట్లో ఒక ముసలామె. ఓడ ఆగినన్నాళ్ళూ ఓబులేసు ఆ అంగడి ముందే నిలబడి, రెక్క కొరుకుతూ, ఆమె చేతులు కదిలే తీరు రెప్పవేయకుండా చూశాడు.

"అంతేనా?" అన్నాడు చేపలు అమ్ముకొని వచ్చిన పెంచలయ్య నిరాశగా.

జయరామయ్య ముఖం కదల్లేదు. వినయం పని చేయలేదని ఓబులేసుకు అర్థమైంది. ఇక నోరు ఆగలేదు.

"అంతేనా అంటావేందబ్బా! ఆ వాసన రేవంతా కమ్ముకునేసరికి, మూటలు మోసేవాళ్ళు మూటలు ఆడనే పడేసి మా ఓడకాడ మూగినారు. రేవు పెద్దాఫీసరు వాళ్ళను తరిమేదానికి తుపాకీ పట్టుకొని వచ్చి, ఒక్క రెక్క కొరికి, ఆ తుపాకీ సముద్రంలోకి ఇసిరేసి నా కాళ్ళకాడ కూలబడినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంకో రెక్క అడిగుంటాడు," అన్నాడు పెంచలయ్య.

"ఊరంతటికీ కావాలన్నాడు! యాడ చూసినా కోళ్ళు లేవు. ఎట్టారా దేవుడా అనుకుంటా ఉంటే, ఆ దేశంలో ఉండే కోళ్ళన్నీ వాటంతటవే కొండలు దిగొచ్చి, నా ముందర వరస కట్టి, రెక్కలెత్తి నిలబడినాయి. నాది తీసుకో సామీ, ముందు నాది తీసుకో అని! ఈ పొద్దుక్కూడా జపానులో కోడి ఎగరదు, కావాలంటే పోయి చూసుకో."

"మన విడవలూరు కోళ్ళు మేఘాల్లో తిరగతా ఉండాయా అబ్బయా?" అంది వెంకటశేషమ్మ టీ వడపోస్తూ.

అందరూ నవ్వారు, జయరామయ్య తప్ప. ఓబులేసు రెక్కల్ని తీసి జల్లిగంపలో ఆరబెట్టి, పక్క పొయ్యి మీద పాకం కలిపి, బాణలి కింద మంట ఎగదోశాడు. నోరు ఎంత పరుగెత్తినా చేతులు తొందరపడలేదు.

"అన్ని రెక్కలకు సరిపోయే బాణలి యాడుంది? ఆడ నిప్పులు కక్కే కొండ ఒకటుంది. దాని నోట్లో పడవల కొద్దీ నూనె పోయించినా! ఇంక పాకం పూసేదానికి కుంచె మాదిరి తాటిచెట్టు పెరికి తలకిందులుగా పట్టుకున్నా."

"జపానులో తాటిచెట్లుండాయా అన్నా?" అన్నాడు బల్ల మీది ఒక కుర్రాడు.

"ఒక్కటే ఉండె. అదే నేను పెరికింది." ఓబులేసు ఊపిరి కూడా తీసుకోలేదు. "ఆ వాసనకు ఒక తిమింగలం ఒడ్డుకొచ్చి నోరు తెరిచింది. పాపమని ఒక్క రెక్క ఇసిరినా. అది తిని, మా ఓడను వీపు మీద ఎత్తుకొని మద్రాసు రేవులో దించిపోయింది. ఇంజను వేసే పనే లేకపోయె!"

రెండోసారి నూనెలో వేయగానే రెక్కలు చిటపటలాడాయి. తీసి, నల్లటి పాకం నిగనిగలాడేట్టు పూసి, మిరియాలపొడి, నువ్వులు చల్లి, ఆకులో పెట్టి జయరామయ్య ముందుంచాడు. ఇప్పుడు ఓబులేసు కళ్ళు ఆయన నోటి మీదే.

జయరామయ్య కొరికాడు. కరకర చప్పుడు అందరికీ వినిపించింది. తీపి తగిలి, వెనకే ఉప్పు తగిలి, చివర్న మిరియం ఘాటెక్కింది కాబోలు, కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకటి తీశాడు. ఆ తర్వాత ఇంకొకటి. ఆకు ఖాళీ అయ్యేలోపు పెంచలయ్య చెయ్యి దూర్చి ఒకటి లాక్కున్నాడు. వెంకటశేషమ్మ పొయ్యి మీద పాలు పొంగి కారిపోతున్నా పట్టించుకోక ఎముక చీకుతూ నిలబడింది. బస్సు వచ్చి హారను కొట్టింది. బల్ల మీది నుంచి ఒక్కరూ లేవలేదు. పిలవడానికి దిగిన కండక్టరు కూడా ఒక రెక్క తీసుకొని బల్ల చివర కూర్చున్నాడు.

జయరామయ్య మీసానికంటిన పాకం తుడుచుకున్నాడు. "సోమవారం వచ్చి చేరు ఓబులేసూ. మా హోటలుకు వంటమాస్టరువి నువ్వే."

ఓబులేసుకు కాళ్ళు నేలమీద ఆనలేదు. "అయ్యా, ఇంక చూసుకోండి! వంట నేనే, వడ్డన నేనే, గల్లాపెట్టె కాడ కూర్చునేదీ నేనే! నెల్లూరంతా మన వాకిట్లోనే..."

"పొయ్యి కాడ నీ ఇష్టం," అన్నాడు జయరామయ్య లేస్తూ. "గల్లాపెట్టె దరిదాపులకు మాత్రం రావొద్దు. రెండు రెక్కలు తిన్నోడికి రెండు వేల రెక్కలకు బిల్లు వేస్తావు."