తొడ దగ్గరే ఆగాల్సిన కత్తి

ఆగు తమ్ముడూ, ఆగు! తొడ గీశావు, బాగానే ఉంది. ఆ నురగ ఛాతీకెందుకు పూస్తున్నావు? మంచం గానీ పొరబడ్డావా? రోజూ ఆపరేషన్లకి వెంట్రుకలు తీసేవాడివి, ఆ మాత్రం తెలీదా? నాది తొడలోంచి చేసే కేసు.

ఏంటీ, నాకే చెయ్యమన్నారా?

చూడు, నేను పైపులు బిగించేవాణ్ణి. బుద్ధెరిగినప్పట్నుంచీ వాల్వులు మార్చడమే నా పని. ఇప్పుడు నా గుండెలో వాల్వే బిగుసుకుపోయింది, నవ్వొస్తే నవ్వుకో. నాలుగు మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. మార్చకపోతే ఏడాది తిరగదన్నాడు డాక్టరు. తొడలో చిన్న గాటు పెట్టి, రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మడిచిన కొత్త వాల్వుని లోపలికెళ్ళాక విప్పుతాడట. ఎముక కోసే పనే లేదన్నాడు. అందుకే సరేనన్నాను.

మా అన్నకి రొమ్ము చీల్చారు. లోపలికెళ్తూ నా భుజం తట్టాడు, అంతే, మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ కుట్లు చూశాను నేను. ఆరోజే మా ఆవిడతో తెగేసి చెప్పాను, చీల్చేదైతే ఇంట్లోనే పోతాను గానీ ఆ గదిలోకి రానని.

అందరికీ గీస్తారా? ముందుజాగ్రత్తా? అబ్బో, ఆ మాట నా దగ్గరా! గోడ పగలగొట్టకుండా పని కానిచ్చేస్తానని ఇంటివాళ్ళకి నేనూ చెప్తాను. సుత్తీ ఉలీ లేకుండా మాత్రం గడప తొక్కను. గొట్టం వెళ్ళే దారిలో ఏదైనా చిరిగితే వీళ్ళు రొమ్ము చీలుస్తారని నాకు తెలీదనుకున్నావా?

కత్తి పక్కన పెట్టు. మా ఆవిణ్ణి పిలు. ఆవిడ ఒప్పుకోదు. అందర్నీ దులిపేసి నన్ను ఇంటికి తీసుకెళ్ళిపోతుంది, చూస్తూండు.

కదలవేం? తల దించుకుంటావేంటి?

ఆవిడకి తెలుసా?

అవసరమైతే ఛాతీ తెరవండని ఆవిడే అందా? నాకు చెప్పొద్దని నీతో కూడా అందా?

పొద్దున నా తల దువ్వింది తమ్ముడూ. ఎంతసేపు దువ్వుతావే అంటే, చిక్కు పడిందంది. నమ్మేశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క అబద్ధం సరిగ్గా ఆడటం చేతకాని మనిషి.

భయంగా ఉంది, దాచడమెందుకు. లేచి వెళ్ళిపోవచ్చు, తలుపు తీసే ఉంది. కానీ ఆ తలుపు బయట బల్ల మీద కూర్చున్నది ఆవిడ. ఆవిడ ముందునుంచి ఏ మొహం పెట్టుకుని పోను?

గియ్యి. ఆవిడ అడిగితే మాత్రం, నిద్రపోయాడు, ఏమీ చూడలేదని చెప్పు.