ఎల్డన్ వీపు మీది పిడుదు

కొట్టు వరండాలో కాఫీ కప్పు చేతికి రాగానే ఎల్డన్ గొంతు విచ్చుకుంటుంది. లాబ్‌స్టర్లు పట్టడం మానేశాక అతను పడుతున్నవి మా చెవులే.

“మొన్న కొండమీది బ్లూబెర్రీ పొదల్లోకి పోయొచ్చానా,” మొదలెట్టాడు. “ఇంటికొచ్చి చూసుకుంటే మోకాలి వెనక రక్తం తాగుతూ పిడుదు. గసగస గింజంత. ట్వీజర్‌తో తల దగ్గర పట్టి తిన్నగా లాగేశాను.”

“మంచి పని చేశావు,” అన్నాను. అక్కడితో ఆగితే అతను ఎల్డన్ ఎందుకవుతాడు?

“అది పిల్ల. తల్లి నా వీపు మీదుంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకునే వెళ్ళానా, అది మేజోడు అంచు ఎత్తుకుని మరీ ఎక్కింది. చొక్కా బొత్తామంత ఉన్నది చూస్తుండగానే బుట్టంతయింది, ఆనక పడవంతయింది. దారిలో ఆకలేస్తే ఉంటుందని ఓ జింకని కూడా చంకన పెట్టుకొచ్చింది. నీళ్ళలోంచి లాబ్‌స్టర్ బుట్టలు లాగే పడవ మోటారుకి తాడు కట్టి లాగిస్తే నా పడవే ఒడ్డెక్కింది గానీ అది కదల్లేదు!”

“మరి పిడుదు కుడితే వచ్చే ఆ లైమ్ జబ్బు రాలేదా?” అన్నాడు తపాలా పంచే క్లైడ్.

“రాకపోవడమేంటి! వీపంతా ఎర్రటి వలయం, నడుమ చుక్క. పెరట్లో బోర్లా పడుకున్నానా, పైన పోయే విమానంవాడు దిగాల్సిన చోటు ఇదేననుకుని చక్రాలు దించేశాడు! డాక్టరమ్మ మాత్రలు బకెట్లో పోసి పంపింది.”

ఎల్డన్ పక్కింటి బెర్నిస్ అల్లిక ఆపలేదు. ఆవిడ మితభాషి. అందుకే ఆవిడ గురించి చెప్పడానికి నా దగ్గరే ఏమీ లేదు.

“ఆ వలయం ఎవరు చూశారయ్యా?” అంది బెర్నిస్.

“అంటే...”

“నీ వీపు నీకు కనపడదు కదా. కొండ దిగొచ్చిన ప్రతిసారీ గుమ్మంలో నిలబెట్టి మీ ఆవిడ మ్యూరియెల్ చూసేది. ఆవిడ పోయాక నువ్వు కొండెక్కిందే లేదు. నీ బూట్లలో సాలీడు కాపురం పెట్టింది, మా కిటికీలోంచి కనపడుతూనే ఉంది.”

మా దీవిలో వీపు చూసే మనిషి లేనివాళ్ళు గడ్డిలో అడుగుపెట్టరు. ఎల్డన్ కప్పులోకి చూశాడు. తర్వాత కొండవైపు చూశాడు.

“బండ పక్క పళ్ళు ఈపాటికి ముగ్గి ఉంటాయి,” అన్నాడు. “ఆవిడ ఏరేవాటికన్నా తినేవే ఎక్కువ. నోరంతా నీలం చేసుకుని, వీపు చూస్తూ నన్ను కదలొద్దని కసిరేది.”

 

బెర్నిస్ ఊలు సంచిలో పెట్టుకుంది. “రేపు పొద్దున వస్తాను. ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకుని ఉండు. దిగొచ్చాక నీ వీపు నేను చూస్తాను, నా వీపు నువ్వు చూడు.”

క్లైడ్‌కి కాఫీ పొలమారింది. నేను మర్యాదగా ఆకాశం వైపు తిరిగాను, చెవులు మాత్రం అక్కడే ఉంచి.

“ట్వీజర్ నేను తెస్తాలే,” అన్నాడు ఎల్డన్.

“పడవంత పిడుదుకి ఎంతది కావాలేంటి?” అన్నాను.

“చిన్నది చాలు.”