మూడో క్లచ్చు ప్లేటు

ఏడాదిలో ఇది మూడోది గురువులూ! మూడో ప్లేటు! ఏ బజార్లో కొంటున్నావురా ఈ అప్పడాలు? మీ నాన్న బైరాగి బతికుంటే ఇలాటి సరుకు నా కారుకి బిగించేవాడా? కార్పొరేషన్ గ్యారేజీలో వాడు మెకానిక్కు, నేను చెత్తలారీ డ్రైవర్ని. ఒక్క ప్లేటుతో పన్నెండేళ్ళు నడిపించినాం ఆ లారీని. నువ్వు పాకుతున్నప్పుడు వేసిన ప్లేటు, నీకు మీసాలొచ్చినాక విప్పినాం!

నవ్వకు. ఆ పానా కింద పెట్టి విను.

ధాపా చెత్తకొండ చూసినావు కదా. మంచి వానాకాలం. లారీలో ఎనిమిది టన్నులు, కింద మోకాల్లోతు బురద. బెంగాలీ డ్రైవర్లు పదిమంది బళ్ళు ఆపేసుకుని, "పోలయ్యదా, హోబే నా, హోబే నా" అని ఒకటే అరుపులు. అవ్వదట! పోలయ్యకి అవ్వదట! నేనేం చేసినాను? ఎడమకాలి చెప్పు విప్పినాను. అంతే. అరికాలు పెడల్‌కి ఆనించి, క్లచ్చు ఎక్కడ పట్టుకుంటాదో సరిగ్గా అక్కడ నిలబెట్టి, రివర్సులో, ఆఁ, రివర్సులోనే, కొండెక్కించేసినాను. పైనున్న గద్దలు లేచి దారిచ్చినాయి.

మన గ్యారేజీ తెలుగోళ్ళందరికీ అదే అలవాటు. కుడికాలికి చెప్పు, ఎడమకాలు ఒట్టిది. క్లచ్చుని అరికాలితో వినాలిరా అనేవాడు మీ నాన్న.

ఏటి, నా కాలికేసి అలా చూస్తున్నావు? అదే కదా చెప్తున్నాను, అలవాటని! క్వార్టర్స్ నుంచి ఇక్కడిదాకా ఇలాగే నడిచొచ్చినాను. ఎండకి కాల్లేదా అంటావా? నలభై ఏళ్ళు ఇంజను పక్కన కాగిన కాలురా ఇది. మన సంత్రాగాఛి తారురోడ్డు దీనికేటి లెక్క!

సరే, ప్లేటు సంగతికి రా. జబ్బేటో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. వారం కిందటే పట్టేసినాను. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తాది గానీ బండి లాగదు. పెడల్ మొత్తం పైకొచ్చేదాకా పట్టు దొరకదు. మొన్న పొద్దున్న గుమ్మం ముందే హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్చు వదిలి చూసినాను. ప్లేటు బాగుంటే ఇంజను టక్కున ఆగిపోవాల. ఆగలేదు. హాయిగా తిరుగుతోంది.

ప్లేటు కాలిన వాసన మాత్రం ముందు సన్యాసమ్మకే తెలిసింది. మా పక్క క్వార్టర్ సన్యాసమ్మరా, కిడ్నీల మనిషి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్‌కి నేనే గంగ మీద వంతెన దాటించి తీసుకెళ్తాను. "అన్నయ్యా, ఎవరో ఏటో తగలబెడుతున్నారు" అంది. ఎవరో చెత్త కాలుస్తున్నార్లే అన్నాను.

తెలిసీ వారం రోజులు ఎందుకు తోలినావంటావా? నిన్న కూడా తోలినాను మరి. ఆసుపత్రి నుంచి తిరిగొస్తా వంతెన ఎక్కుతుంటే సగంలో లాగడం మానేసి వెనక్కి జారింది. వెనకాల మినీబస్సు. కండక్టర్ రేకు బాదుతూ "ఆరే కాకా!" అని గొంతు చించుకున్నాడు. ఎంత దూరంలో ఆపినానో తెలుసా? మధ్యలో అగ్గిపెట్టె పట్టదు. ఇంకొకడైతే బండీ, బస్సూ, సన్యాసమ్మా అందరూ గంగలోనే! సాయంత్రం నువ్వొచ్చి తాడు కట్టి లాక్కొచ్చేదాకా ఆ వంతెన మీద జనమంతా నాకేసే చూసినారు.

ఏటది? ప్లేటు ఎత్తి చూపించక్కర్లేదు, కనపడుతోంది. నీలంగా కమిలిపోయింది. రివెట్లు బయటకొచ్చినాయి.

ఏటన్నావు? ప్లేటు మంచిదేనా? ఎప్పుడూ క్లచ్చు పెడల్ మీద కాలుంచి తోలితేనే ఇలా అవుతాదా?

ఎవర్నిరా అంటున్నావు? పోలయ్య డ్రైవర్నా? నిన్న మొన్న నేర్చుకున్నవాడు చేసే పని అది! నలభై ఏళ్ళు...

నలభై కాదులే. ముప్పై ఒకటి.

కాలుంచే తోలుతున్నాను గురువులూ.

షుగరు. అరికాలు మొద్దుబారిపోయి రెండేళ్ళవుతోంది. మొదట్లో దూది మీద అడుగేసినట్టుండేది. ఇప్పుడు ఆ దూదీ లేదు. పెడల్ మీంచి కాలు తీసినానంటే మళ్ళీ అదెక్కడుందో దొరకదు. వంగి చూడాల. వంతెన మీద వంగి చూస్తామా? అందుకని తియ్యను. క్వార్టర్స్ దగ్గర పెట్టిన కాలు ఆసుపత్రి గేటు దగ్గరే తీస్తాను.

నిన్న జారుతున్నప్పుడు తీసేసినాననే అనుకున్నాను. తియ్యలేదు. అదింకా తొక్కే ఉంది. వెనక సన్యాసమ్మ "సింహాద్రప్పన్నా, సింహాద్రప్పన్నా" అంటోంది. ఏ పక్కింట్లోనో అంటున్నట్టు వినపడింది నాకు. భయం కూడా వెయ్యలేదురా. వెయ్యాల కదా?

మా ప్రదీప్‌కుమార్ షాలిమార్ స్టేషన్లో డ్యూటీలో ఉంటాడు. ఫోన్ చేస్తావు, అంతే కదా. కొడుకు కదా, తాళంచెవి లాక్కుంటాడు. రేపు శనివారం. ఏడింటికల్లా ఆవిడ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడుతాది. వేరే బండి ఎక్కదు. పోలన్నయ్య చేతిలో బండి కుదుపుండదట.

ప్లేటు బిగించు. నువ్వేసినవన్నీ మంచి ప్లేట్లే. రేపు నువ్వే తోలు. నేను పక్క సీట్లో కూర్చుంటాను. ఆవిడకి నా తల కనపడితే చాలు, ఎక్కేస్తాది.

ఇదిగో తాళం. తీసుకో, చెయ్యి తుడుచుకోనక్కర్లేదు.

మళ్ళీ కాలికేసే చూస్తున్నావు. చెప్పు ఎక్కడ విప్పినాననా?

విప్పలేదురా. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు రెండు కాళ్ళకీ ఉన్నాయి. దార్లో ఎక్కడ జారిపోయిందో.

అరికాలు కాలిందా లేదా, కాస్త వంగి చూడు. నాకు తెలీటం లేదు.