కందనకాయ లోపలి తోలు

కోళ్ళ రోగాలు పరీక్షించే ల్యాబు. మైక్రోస్కోపు దగ్గర డాక్టరు. ఎదురుగా ఆమె అక్క భర్త, దాణా మిల్లు యజమాని.

“చించెయ్యి ఆ రిపోర్టు! నా కళ్ళెదుటే చించెయ్యి!”

“ముందు గొంతు తగ్గించండి బావగారూ. ఇది మీ మిల్లు కాదు.”

“మిల్లా? ఎక్కడుంది మిల్లు? పొద్దున్నే వచ్చి తాళం వేసి సీలు కొట్టి పోయారు. నీ సంతకం చూపించి మరీ కొట్టారు. దాణాలో విషమట! సొంత మరదలు!”

“మరదల్ని కాబట్టి కళ్ళు మూసుకోవాలా? మీ దాణా తిన్న ఆ ఫారంలో మూడొందల కోళ్ళు చచ్చాయి.”

“కోళ్ళన్నాక చావవూ? ఎండకి చస్తాయి, వానకి చస్తాయి. లోకువగా నా దాణానే దొరికిందా? అయినా నీ కంటికి నేనెప్పుడు ఆనాను గనక! నన్ను చేసుకోవద్దని మీ అక్కకి చెప్పింది కూడా నువ్వే.”

“చెప్పాను. ఇప్పుడైనా చెప్తాను. అది వేరే సంగతి.”

“వేరేం కాదు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని ఇప్పుడు కక్ష తీర్చుకున్నావు. ఏదీ, ఆ గాజు ముక్కలో విషం ఎక్కడుందో చూపించు.”

“చూపిస్తే మీకేం తెలుస్తుంది?”

“నాకు తెలియక్కర్లేదు. నువ్వే ఇంకోసారి చూసి, నా మొహం మీద చెప్పు.”

“సరే, కూర్చోండి. బల్ల మీద చెయ్యి వెయ్యకండి, కదుల్తుంది. ఇదిగో, కందనకాయ. మీరు తెచ్చిన మూడింట్లో మొదటిది. వెంట్రుకలో పదోవంతు మందాన కోసి రంగు వేశాం. కిందంతా కండ. దాని మీద సన్నటి గొట్టాల్లా గ్రంథులు. వాటిలోంచి రసం ఊరి, గట్టిపడి, పైన తోలు కడుతుంది. పసుపుపచ్చగా, గరుగ్గా ఉంటుంది. గింజ నలిగేది దాని మీదే. ఈ మూడింట్లోనూ ఆ తోలు లేదు. విషం దాన్ని తినేసి…”

“తినేసి? ఆగావేం?”

“ఉండండి.”

“ఏమిటి ఉండేది? చెప్పు!”

“ఉండండన్నానా! తోలు విషంతో పోతే కింద గ్రంథులు కూడా చితికిపోవాలి. రక్తం చిమ్మాలి. తెల్లకణాలు మూగాలి. ఇక్కడ అవేం లేవు. గ్రంథులు బారులు తీరి నిక్షేపంలా ఉన్నాయి. వాటి మూతుల దగ్గర తెగిన పోగులు మాత్రం వేలాడుతున్నాయి.”

“అంటే?”

“అంటే… తోలు విషానికి పోలేదు. ఎవరో ఒలిచేశారు.”

“అద్దీ! మరి విషమని ఎందుకు రాసి చచ్చావు?”

“ఆ రోజు నలభై స్లైడ్లు చూశాను. ఫారం ఆవిడ పంపిన కాగితం మీద ‘దాణా మీద అనుమానం’ అని ఉంది. చూస్తే తోలు లేదు. రాసేశాను. తప్పు నాదే.”

“నాదే అని ఎంత తేలిగ్గా అనేసిందో! నా పరువు బజారున పడేశాక! నీ ఉద్యోగం ఊడగొట్టించకపోతే చూడు. రాయి! దాణా మంచిదని రాయి.”

“మంచిదని రాయను. నా రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను అని రాస్తాను. ఒలిచిందెవరో కూడా రాయాలి. మా ల్యాబులో ఒలవరు.”

“ఆ ఫారం ఆవిడే ఒలిచి ఉంటుంది.”

“ఆవిడ కత్తే పట్టలేదు. చచ్చిన కోళ్ళని ఉన్నవున్నట్టు సంచిలో వేసి, ల్యాబుకి చేర్చమని మీ బండిలో పెట్టానని నిన్న ఫోన్లో చెప్పింది. అప్పుడు నేను పట్టించుకోలేదు. మీరు నాకిచ్చింది డబ్బా.”

“అదా… అదేంలేదు, కుళ్ళు కంపు. భరించలేక నేనే కోసి కందనకాయలు మాత్రం తెచ్చాను. నీకు కావలసింది అవేగా?”

“మీరే కోశారా? మీ చేత్తో?”

“నా చేత్తోనే. ఏం, చేతకాదా నాకు?”

“మరి తోలు?”

“తోలూ లేదు, తొక్కా లేదు. ఎర్రగా, నున్నగా, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రోగమొచ్చినవి అలా ఉంటాయా? నువ్వే చెప్పు!”

“ఏ కోడి కడుపులోంచీ కందనకాయ అలా రాదు బావగారూ. రోగమొచ్చినా రాదు, రాకపోయినా రాదు. తోలుంటుంది, నలిగిన గింజలుంటాయి, మట్టి ఉంటుంది.”

“ఇప్పుడదంతా ఎందుకు? నువ్వు సంతకం పెట్టు.”

“పెడతాను. ఫారం ఆవిడిచ్చిన కోళ్ళేవి?”

“ఏవో… పారేశాను.”

“పారేసి?”

“పారేసి ఏమిటి! మంచివి ఏరి ఇమ్మని కోడిమాంసం కొట్టువాణ్ణి అడిగి మరీ తెచ్చాను. వాడు తోలు ఒలిచే అమ్ముతాడని నాకేం తెలుసు? ఏనాడైనా వంటింట్లో అడుగుపెట్టిన మొహమా నాది!”