మిషను ఆడుతున్నంతసేపే

అది కాదు బావగారూ, ముందు నా మాట వినండి! చెల్లెల్ని కుట్టుమిషనుతో సహా సాగనంపాడని మీరు నా మీద కళ్ళెర్ర చేస్తే నేనెవరితో చెప్పుకోను? అసలు తప్పంతా ఆ మోతది. నాది కాదు. అంటే... నాదీ కొంత ఉందనుకోండి. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

మీరు పని ఆపకండి. ఆ వాచీ బాగుచేసుకుంటూనే వినండి. కంటికున్న అద్దం కూడా తియ్యక్కర్లేదు. మీరు రెండు కళ్ళతో చూస్తే నాకు మాట పెగలదు.

లోపలి గదిలో మిషను ఆడుతోంది కదా? టకటకమని... ఆ, ఆడుతోంది. అది ఆడుతున్నంతసేపే నేను మాట్లాడగలను. ఆగిందంటే ఇక్కడి ప్రతి మాటా మీ చెల్లెలి చెవిన పడుతుంది. ఆగితే నాకో సైగ చెయ్యండి, వెంటనే వాచీల గురించి మాట్లాడేస్తాను. సరేనా?

అబ్బ, ఆ దగ్గు మా అమ్మదేగా! ఎంత హాయిగా దగ్గుతోందో చూడండి. మా ఇంట్లో అలా గొంతు విప్పి దగ్గి ఎన్నేళ్ళయిందో పాపం.

నవ్వకండి. కోడలు పుట్టింటికి వెళ్తే అత్తగారు వెంటపడి వెళ్ళడం ఎక్కడైనా చూశారా? "నేనూ వస్తానే, అక్కడైతే దగ్గుకోవచ్చు" అందట. నన్ను కన్నతల్లి!

సరే, మొదట్నించీ చెప్తాను. పొద్దున బళ్ళో పిల్లలకి గిటారు నేర్పిస్తానని మీకు తెలుసుగా. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఎవరైనా అడిగితే వాయించి, రికార్డు చేసి పంపిస్తాను. నెల కిందట ఓ డైరెక్టరమ్మ ఫోన్ చేసింది. లైట్‌హౌస్‌లో ఒంటరిగా ఉండే కాపలాదారు మీద సినిమా తీస్తోందట. "చివరి మూడు నిమిషాలూ ఒక్క గిటారే ఉంటుంది, మీ పేరు తెర మీద విడిగా వేస్తాను" అంది. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను బావగారూ, నా పేరు విడిగా ఎవరేశారు చెప్పండి?

పంపాను. తిప్పికొట్టింది. "వాయించడం బావుంది గానీ, వెనక తేనెపట్టు కదిపినట్టు ఆ జుయ్యిమనే మోత ఏంటండీ?" అంది.

దాని సంగతి మీకు కాస్త చెప్పాలి. ఇదివరకు గిటారు పక్కన ఇంత పెద్ద పెట్టె ఉండేది, యాంప్లిఫయర్. మీరు చూశారుగా, మీ వాడు దాని మీదెక్కి కూర్చునేవాడు. ఇప్పుడా పెట్టె కంప్యూటర్లో బొమ్మలా ఉంటుంది. గిటారు నుంచి వైరు తిన్నగా కంప్యూటర్లోకి వెళ్తుంది, ఆ పెట్టె గొంతు లోపలే తయారవుతుంది. బొమ్మ మీద నాబ్ తిప్పితే చాలు, గర్జనే! కాకపోతే దానికి మంచీ చెడ్డా తెలీదు. నా వేలు తీసిన స్వరాన్ని వందింతలు చేసినట్టే, వైర్లో నక్కిన చీమంత మోతనీ వందింతలు చేస్తుంది.

దాన్ని అణచడానికి ఓ ఉపాయముంది లెండి. నాయిస్ గేట్ అంటారు. తలుపన్నమాట. వాయిస్తున్నప్పుడు తెరుచుకుంటుంది, ఆపగానే మూసుకుంటుంది. అది పెట్టి మళ్ళీ పంపాను. ఈసారి ఏమందో తెలుసా? "స్వరం మెల్లగా సన్నబడుతూ పోయే చోటే నాకు కావాలి, మీరు దాని పీక నొక్కేశారు" అంది. నిజమే మరి. తీగ ఇంకా మోగుతూనే ఉంది, తలుపెళ్ళి దాని మొహాన పడింది. "శుక్రవారం లోపు శుభ్రంగా ఇవ్వండి, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాను" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రోజు కంచం ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. మీ చెల్లెలు చూసింది. మోత సంగతి అడిగి తెలుసుకుని, "ఏవండీ, అది నా మిషను చప్పుడు కాదు కదా?" అని అడిగింది.

కాదు అంటే అయిపోయేది. అంతే కదా? రెండక్షరాలు! నేనేమన్నానో తెలుసా? "ఏమో" అన్నాను.

తెల్లారేసరికి మిషను బండెక్కింది. "పది రోజులు అన్నయ్య దగ్గర కుట్టుకుంటాను, మీరు ప్రశాంతంగా వాయించుకోండి" అంది. కోపంగా అని ఉంటే బావుండేది. ఎంత ప్రేమగా అందో! నేనే ఓ పక్క పట్టుకుని మిషను బండెక్కించాను కూడా, తేలు కుట్టిన దొంగలాగ.

ఇక ఇల్లంతా నాదే. ఏం లాభం? మోత అలాగే ఉంది! ఫ్రిజ్ ఆపాను, పాలు విరిగిపోయాయి. ట్యూబ్‌లైటు తీశాను, ఫ్యాను తీశాను, చెమటలు కక్కుకుంటూ చీకట్లో కూర్చున్నాను. వైరు మార్చాను. పక్కింటివాళ్ళ మోటారేమోనని వెళ్ళి తలుపు కొడితే, వాళ్ళు వారం నించీ ఊళ్ళో లేరట. మధ్యలో మీ చెల్లెలికి బట్టలిచ్చినవాళ్ళు! "టైలరమ్మ ఏదండీ, ఎక్కడికెళ్ళిందండీ" అని రోజుకి పదిమంది. ఏం చెప్పను? చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది ఇల్లు, వైర్లో మాత్రం జుయ్యి... చెవిలో జోరీగే!

ఆడలేక మద్దెల ఓడు అంటారు చూడండి. నేను ఆడగలను, మద్దెలా నిజంగానే ఓడు. కానీ ఓడెక్కడుందో వెతక్కుండా ఇల్లాలిని బయటికి పంపాను.

నిన్న పొద్దున విసుగొచ్చి ఆ తిరిగే కుర్చీలో అటూ ఇటూ తిరుగుతున్నాను. చిత్రం చూడండి! కంప్యూటర్ వైపు తిరిగితే మోత పెరుగుతోంది, కిటికీ వైపు తిరిగితే తగ్గుతోంది. గిటారులో తీగల కింద అయస్కాంతాలుంటాయి లెండి, చుట్టుపక్కల కరెంటు మోతంతా అవే పీల్చుకుంటాయి. సరే, కిటికీ వైపు తిరిగాను. సగం పోయింది. మిగతా సగం ఎక్కడ్నించి? ల్యాప్‌టాప్ చార్జరు! గోడలోంచి దాన్ని పీకానో లేదో, గదిలోంచి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు మోత పోయింది.

బ్యాటరీ నలభై నిమిషాలుంది. కిటికీకేసి కూర్చుని, మెడ తిప్పి ఓరచూపుతో స్క్రీన్ చూసుకుంటూ వాయించాను. మూడోసారికి కుదిరింది. చివరి స్వరం సన్నబడుతూ, సన్నబడుతూ, ఎక్కడ ఆగిందో నాకే తెలీలేదు. పంపాను. గంటలో జవాబొచ్చింది. "ఇదే కావాలి" అంది బావగారూ! పేరు విడిగా వేస్తుందట!

ఎగిరి గంతేశాను. "ఇదిగో, విన్నావా!" అని అరుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాను. ఎవరున్నారక్కడ? మిషను ఉండేచోట నేల మీద నాలుగు మచ్చలు, నాలుగు దారప్పోగులు. అక్కడే చతికిలపడ్డాను. ఏడుపొచ్చింది. మీ దగ్గర సిగ్గేంటి, నిజంగానే ఏడ్చాను.

అందుకే పొద్దున్నే పరిగెత్తుకొచ్చాను. మీరు నాకో సాయం చెయ్యాలి. "మీ ఆయన కొత్త యంత్రమేదో కొన్నాడట, ఇక ఇంట్లో ఎంత చప్పుడైనా ఫర్వాలేదట, సామాను సర్దుకో" అని మీ నోటితో చెప్పండి. మీరు చెప్తే నమ్ముతుంది. నేను చెప్తే నా మొహమే పట్టిచ్చేస్తుంది.

అబద్ధం దేనికంటారా? చార్జరని నిజం చెప్పేస్తే పోలా అంటారా? చెప్తే, "అయితే నా మిషను కాదన్నమాట" అంటుంది. తర్వాత "మరి కుక్కరు?" అంటుంది. ఆ తర్వాత "మరి అత్తయ్య దగ్గు?" అంటుంది. అక్కడితో నా పని ఆఖరు.

ఏంటి, రెప్పలలా కొట్టుకుంటున్నారు? అద్దం గుచ్చుకుంటోందా? సరిగ్గా పెట్టుకోండి. టకటక ఆడుతూనే ఉందిగా? ఆ, వినపడుతోంది.

సరే, మీ దగ్గర దాపరికమెందుకు. మింగలేక కక్కలేక చస్తున్నాను. కక్కేస్తాను.

మైకే లేదు బావగారూ!

అవును. మా ఇంట్లో మైకు లేక నాలుగేళ్ళయింది. ఆ పెద్ద పెట్టె ఉన్నప్పుడు దాని ముందు మైకు పెట్టేవాణ్ణి. అప్పుడు కుక్కరు కూత నిజంగానే రికార్డులో పడింది. అప్పుడే సైగ పెట్టుకున్నాం, నేను అరచెయ్యి ఎత్తితే ఇంట్లో అందరూ గప్‌చుప్. కంప్యూటర్లోకి మారాక ఉన్నది వైరొక్కటే. వైరుకి చెవులుంటాయా? పక్కనే నిలబడి డప్పు కొట్టినా అందులో పడదు. అసలు మీ చెల్లెలి మిషను కాలితో తొక్కేది, దానికి కరెంటే లేదు! ఏ దారిన వస్తుంది మోత?

పెట్టె అమ్మేసిన రోజే చెప్పాల్సింది. "ఇక మీ ఇష్టమొచ్చినట్టు మాట్లాడుకోండి" అంటే సరిపోయేది. చెప్పలేదు.

ఎందుకంటే... ఎలా చెప్పను? బళ్ళో పిల్లలు నా మాట వినరు. పెద్దమాస్టారు పదకొండేళ్ళుగా నన్ను "ఆ గిటారాయన" అంటాడు, పేరు తెలీదు. రోడ్డు మీద చెయ్యెత్తితే బస్సు కూడా ఆగదు నాకు. ఇంట్లో మాత్రం చెయ్యెత్తితే ఇల్లంతా ఆగిపోయేది. మీ చెల్లెలు గరిటె గాల్లోనే ఆపేసేది. ఎవరో మహావిద్వాంసుడి ఇంట్లో ఉన్నట్టుండేది. ఆ రుచి మరిగాను.

తను నాకోసం ఓ సైగల భాషే తయారుచేసింది, తెలుసా? ముక్కు ముట్టుకుంటే అన్నం వడ్డించినట్టు. చెవి పట్టుకుంటే ఎవరో వచ్చినట్టు. నడుం మీద చెయ్యి పెడితే గ్యాసు అయిపోయినట్టు. మా అమ్మకైతే దగ్గొస్తే మేడ మీదికి పోవడమే. ఓసారి వానలో, గొడుగేసుకుని నిలబడి దగ్గుతోంది. కిటికీలోంచి చూశాను. చూసి కూడా మళ్ళీ మొదట్నించీ వాయించుకున్నాను. మనిషినేనా నేను?

మీ ఇల్లు చూడండి. గోడనిండా గడియారాలు, ఒకటి ఆపితే ఒకటి కొడుతుంది. వెంట్రుకంత ముల్లు పట్టుకుని పనిచేస్తారు మీరు. ఒక్కనాడైనా ఎవర్నైనా నోరు మూసుకోమన్నారా?

ఇంకెప్పుడూ చెయ్యెత్తను బావగారూ, ఒట్టు. మీ చెల్లెల్ని ఇంట్లో ఇష్టమొచ్చినంత గోల చేసుకోమనండి. మీరు ఆ ఒక్క అబద్ధం ఆడి పెట్టండి, జన్మలో ఇంకేం అడగను.

ఏంటలా గడ్డంతో లోపలికి చూపిస్తున్నారు? పరదా దగ్గరేముంది?

ఉండండి. ఈ టకటక... ఇది మిషను కాదే! ఇవి మీ గడియారాలు!

మరి మిషను ఎప్పుడాగింది? మా అమ్మ దగ్గూ లేదే? అయ్యయ్యో, ఇందాక మీరు రెప్పలు కొట్టింది ఇందుకా! నోటితో చెప్పొచ్చు కదండీ! సైగ చెయ్యమన్నాను సరే, కానీ... చీమంత మోతని పట్టుకున్న చెవులివి, పక్కగదిలో మిషను ఆగితే పట్టుకోలేకపోయాయి.

ఆ... ఈ వాచీ భలే ఉంది బావగారూ! ఎవరిదిది? రోజుకెన్ని నిమిషాలు వెనకబడుతోందన్నారు?

...వచ్చావా. ఎంతసేపయింది నిలబడి? కుక్కరు మాట దగ్గర్నించి విన్నావా? మైకు మాట దగ్గర్నించా? అది కాదే, నేను చెప్పొచ్చేదేంటంటే... నువ్వు ముందు కూర్చో, అలా చూడకు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట...

చెయ్యెత్తింది బావగారూ. అచ్చం నాలాగే, అరచెయ్యి ఇటు చూపించి. వెనకాల మా అమ్మ కూడా ఎత్తింది!

సరే. నోరు మూసుకున్నాను. ఏం చేస్తాం, ఆ సైగ నేర్పింది నేనేగా.