దిబ్బ మీది సాలీడు

ప్రయోగశాల బల్ల మీద స్పిరిటు సీసాలు బారుగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కో సాలీడు. వాటి పక్కన నిలబడి శిష్యురాలు గురువుగారిని నిలదీసింది.

“సముద్రం ఒడ్డు దిబ్బల మీద నేలసాలీళ్లు లేవని రిపోర్టులో ఎలా రాశారు సార్? ఈ రకం ఆ దిబ్బల గడ్డి దుబ్బుల్లో తప్ప ఇంకెక్కడా బతకదు!”

“అరవకమ్మా. అక్కడ హోటల్ కట్టబోతున్నారు, ఈ సాలీడు ఉందంటే అనుమతి రాదు. దిబ్బల వెనకాల తోటలో దొరికిందని రాస్తే ఎవరికీ గొడవుండదు.”

“తోటంతా మోకాళ్ల మీద పాకి వెతికాను. ఒక్కటంటే ఒక్కటి లేదు!”

“గోరంత పురుగు కోసం ఇంత రాద్ధాంతమా?”

“పురుగా? దొరికిన చోటు తప్పు రాస్తే సీసాలో మిగిలేది చెత్తేనని మొదటిరోజు నాకు చెప్పిందెవరు సార్?”

“నేనే. కాదన్లేదు. కానీ పైనుంచి ఒత్తిడమ్మా. నా మాట విని సంతకం పెట్టు.”

“పెట్టను. నేను రాసిన రిపోర్టు పొద్దున్నే అనుమతులిచ్చే ఆఫీసుకి పంపేశాను.”

“నన్నొక్క మాటైనా అడక్కుండానా?”

“తిడతారని కాదు సార్. మీరు బతిమాలితే ఒప్పేసుకుంటానేమోనని భయమేసింది.”