వెన్నుపాములో ఆగిపోయే మరమ్మతు

అధ్యక్షులు హరిప్రసాద్ మాస్టారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డ మా మణుగూరు కాలనీ వాళ్లకు నమస్కారం. మాస్టారు నన్ను పరిచయం చేస్తూ వెన్నెముకలు బాగుచేసే సునంద డాక్టరమ్మ అన్నారు. ఒకప్పుడు నా పేపర్లు మీరు దిద్దారు మాస్టారూ, ఇవాళ మీ మాట నేను దిద్దాలి. (నవ్వులు) నేను వైద్యం చేయను. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో ఎలుకల వెన్నుపామును పరిశీలించి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని.

మా నాయన మంగయ్య మీకు తెలుసు. గనిలో పైకప్పు కూలి వెన్నుపూస విరిగింది. అప్పటినుంచి చక్రాల కుర్చీయే. పోయినేడు ఎవరో ఆయనకు ఒక ప్రకటన చూపించారు, కణాల సూది వేయించుకుంటే లేచి నడుస్తారని. నేను వద్దన్నాను. "అదే చదువు చదివి కన్నతండ్రికి అడ్డం పడ్తవా" అని నాతో మాట్లాడటం మానేశారు. వాదించడం చేతకాక, ఆయన్ని పరిశోధనశాలకు తీసుకుపోయి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

వెన్నుపాములో పూర్వకణాలని ఉంటాయి, ఇంకా ఏ ఒక్క పనిలోనూ పూర్తిగా కుదురుకోనివి. దెబ్బ తగలగానే అవి పెరిగి గాయం దగ్గరికి చేరతాయి. కొన్ని నరాల తీగలకు కొత్త తొడుగు వేస్తాయి, కొన్ని గాయం చుట్టూ మచ్చ కట్టడానికి సాయపడతాయి. తెగిన తీగ మళ్లీ పెరగాల్సిన చోటికి వచ్చేసరికి మరమ్మతు ఆగిపోతుంది. ఎలుక వెన్నుపాములో ఆ కణాలు కనబడేలా మేం పచ్చరంగు పట్టించాం, నాయన ఆ పచ్చటి చుక్కల్ని చాలాసేపు చూశారు.

"గివి నాల గూడ ఉన్నయా బిడ్డా?"

"ఉన్నయి నాయినా."

"మరి పని మధ్యల ఎందుకు ఆపినయ్?"

"గదే చూస్తున్న. ఇంకా తెలువలే."

"తెలువంది తెలుసని చెప్పి సూది పొడిచేటోని దగ్గరికి నేను పోను. నువ్వు మాత్రం ఇడ్వకు."



ఆయన కసరత్తు మానలేదు. మన దవాఖానాలో ఫిజియోథెరపీ చేయించే తోమాసు గారు ఆయన్ని మాననివ్వలేదు. ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి తనంతట తనే మారుతున్నారు. అది ఏ సూది మహిమా కాదు.

సోమ్లమ్మా, తేనె కోసం చెట్టెక్కి పడి వెన్ను విరిగిన మీ హీరాలాల్ గురించి పొద్దున అడిగారు, "సూదేస్తే నా కొడుకు లేస్తడా" అని. తండా పెద్దల ముందే చెప్పమన్నారు గనక చెబుతున్నాను. ఇవాళ ఉన్న ఏ సూదీ అతన్ని లేపుతుందని నేను అనలేను. ఈ మాట చెప్పడం నాకు తేలిక కాదు. అయినా ఆ సూది కోసం పట్నం పోదామని రేపటికి మాట్లాడుకున్న బండిని వద్దనకండి. పట్నం బదులు అందులోనే తోమాసు గారి దగ్గరికి తీసుకురండి. దారిలో మా నాయనను ఎక్కించుకోండి. కసరత్తు మొదటి రోజు ఎంత కోపం వస్తుందో ఆయనకు తెలుసు, పక్కన కూర్చుంటానన్నారు.

శాలువా కప్పినందుకు, అంతకన్నా ఈ కష్టమైన మాట కూర్చుని విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నాకు సాయంత్రం రైలు ఉంది. నాయన అడిగినదానికి ఇంకా జవాబు దొరకలేదు, వెతకడానికి పోతున్నాను. సెలవు.